పాటకు యజమాని ఎవరు?

కొరియా దేశంలో యువ గాయక నర్తకులను 'ఐడల్' అనే ఇంగ్లీషు మాటతో వ్యవహరించడం చాలాకాలంగా వాడుకలో ఉన్నది. ఆ మాటకు తెలుగులో విగ్రహమని అర్థం. విగ్రహానికి రూపం ఇచ్చేవాడు శిల్పి. నైవేద్యం పెట్టేవాడు పూజారి. హుండీ లెక్క చూచుకొనేవాడు ధర్మకర్త. ఈ మువ్వురి నడుమ విగ్రహం నోరు మెదపవలసిన అవసరం ఎన్నడూ రాదు. పేరు పెట్టినవారు ఇంత ఆలోచించి పెట్టి ఉండకపోవచ్చు. అయినా సియోల్ నగరంలోని సంగీత వ్యాపారానికి ఇంతకన్న తగిన పేరు దొరకడం కష్టం. అక్కడ గాయకుని ఎన్నుకొనేది సంస్థ. శిక్షణ ఇచ్చేది సంస్థ. పాట తెచ్చి చేతికిచ్చేది సంస్థ. ఆ పాట మీద వచ్చిన రాబడికి లెక్క కట్టేది కూడా సంస్థే.

అట్టి విగ్రహం ఒకనాడు నోరు తెరచి "నా పాట నేనే వ్రాసుకొంటాను" అన్నదనుకోండి. మరికొంత కాలానికి "నా గుడి కూడా నేనే కట్టుకొంటాను" అన్నదనుకోండి. లోకం ఆ సాహసాన్ని మెచ్చుకొంటుంది, మెచ్చుకోవలసిందే. కాని మెప్పుతో విచారణ ముగియరాదు. సొంతగుడి కట్టుకొన్న ఆ విగ్రహం రేపు అందులో నిలబెట్టబోయే కొత్త విగ్రహాలను మాట్లాడనిస్తుందా? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి ఆ సాహసానికి విలువ కట్టవలసి ఉంటుంది. జే పార్క్ అనే కళాకారుని చరిత్ర ఈ విచారణకు మంచి ఆధారం.

ముందుగా ఆ వ్యవస్థను గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. లీ సూ-మాన్ అనే పాతతరం గాయకుడు 1995లో ఎస్.ఎం. ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థను నెలకొల్పినాడు. మరుసటి సంవత్సరం ఆ సంస్థ హెచ్.ఓ.టి. అనే అయిదుగురు యువకుల బృందాన్ని రంగం మీదికి తెచ్చింది. నేటి కొరియా విగ్రహబృందాలకు అదే ఒరవడి అయింది. పన్నెండు పదమూడేండ్ల పిల్లలను సైతం పరీక్షించి ఎన్నుకోవడం, ఏండ్ల తరబడి గానం, నాట్యం, పరభాషలు నేర్పడం, తమ బసలలో ఉంచి పోషించడం, ఆ ఖర్చును వారి రాబడిలోనుంచి తరువాత రాబట్టుకోవడం - ఇదీ ఆ పద్ధతి. నేర్చినవారందరూ రంగం ఎక్కుతారన్న నమ్మకం ఏమీ లేదు. ఎక్కనివారి యౌవనంలోని కొన్ని సంవత్సరాలు ఏ ఖాతాలోనూ జమ కాకుండానే కరగిపోతాయి.

అట్లని ఈ పద్ధతిని కేవలం దూషించడం న్యాయం కాదు. సాధన లేని కళ లేదు. సంగీత విద్వాంసుని ఇంట సరళీస్వరాలు పాడి పాడి గొంతు అరగదీసుకొన్న శిష్యునికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకరు వ్రాసిన పాటను మరొకరు పాడడంలోనూ తప్పు లేదు; గొప్ప గాయకులు ఎందరో పరుల రచనలకు ప్రాణం పోసి కీర్తి గడించినారు. లోపం శిక్షణలో లేదు, శిక్షణకు ముగింపు లేకపోవడంలో ఉన్నది. గురువు ఏనాటికైనా "ఇక నీవు పాడు, నేను వింటాను" అనాలి. ఆ మాట అనవలసిన సమయం వచ్చినా అనని గురువు విద్య నేర్పడంలేదు, పనివాణ్ణి తయారుచేస్తున్నాడు.

ఆ మాట ఎవరూ అనకపోవడం వల్లనే కొరియాలో 2009లో వ్యవహారం న్యాయస్థానం దాకా పోయింది. టీ.వీ.ఎక్స్.క్యూ. అనే బృందంలోని అయిదుగురిలో ముగ్గురు, పదమూడేండ్ల ఒప్పందం తమను అన్యాయంగా కట్టివేస్తున్నదని సంస్థ మీద దావా వేసినారు. ఆ ఏడాది అక్టోబరులో సియోల్ న్యాయస్థానం వారి వాదనలో చాలా భాగాన్ని అంగీకరించి తాత్కాలికంగా ఊరట కలిగించింది. అదే సంవత్సరం ఆ దేశపు వాణిజ్య న్యాయసంఘం ఒక ప్రమాణ ఒప్పంద పత్రాన్ని ప్రకటించి, గాయకులను కట్టిపెట్టే కాలానికి ఏడేండ్ల హద్దు గీసింది. పాటలు విని చప్పట్లు కొట్టిన లోకానికి, ఆ పాటల వెనుక కాగితాలు కూడా ఉంటాయని అప్పుడు తెలిసివచ్చింది.

ఆ 2009వ సంవత్సరంలోనే జే పార్క్ జీవితం కూడా మలుపు తిరిగింది. అతని కొరియా పేరు పార్క్ జే-బొమ్. పుట్టింది అమెరికాలో, సియాటిల్ నగరానికి సమీపాన ఉన్న ఎడ్మండ్స్‌లో, 1987లో. అక్కడి నర్తక బృందాలతో వీధినాట్యం అభ్యసించిన ఆ కుర్రవాడు, జె.వై.పి. సంస్థ జరిపిన పరీక్షలో నెగ్గి 2005లో సియోల్ చేరినాడు. మాతృదేశమని పేరే గాని అతనికి అక్కడి భాష సరిగా రాదు. మూడేండ్లకు పైబడిన శిక్షణ తరువాత 2008లో టూ పీ.ఎం. అనే ఏడుగురు సభ్యుల బృందానికి నాయకుడుగా రంగం ఎక్కినాడు. ఏడాది తిరిగేసరికి ఆ బృందానికి దేశమంతటా పేరు వచ్చింది.

అంతలో ఒక చిన్న విషయం పెద్దదయింది. 2005లో, అంటే కొరియాకు వచ్చిన కొత్తలో, ఒంటరితనంతో విసిగి అతడు అమెరికాలోని మిత్రునికి వ్రాసుకొన్న మాటలు కొన్ని 2009 సెప్టెంబరులో పత్రికలకు ఎక్కినాయి. అందులో కొరియాను తక్కువచేసే మాటలు ఉన్న సంగతి నిజమే. పద్దెనిమిదేండ్ల ప్రాయంలో వ్రాసిన మాటలకు ఇరువదిరెండేండ్ల ప్రాయంలో శిక్ష పడింది. అతడు క్షమాపణ చెప్పుకొన్నాడు. అయినా కోపం చల్లారలేదు. కొన్నిదినాలలోనే బృందాన్ని వదలి సియాటిల్‌కు తిరిగిపోయినాడు. 2010 ఫిబ్రవరిలో సంస్థ ఒప్పందాన్ని రద్దుచేసినట్లు ప్రకటించింది. ఇరువదిమూడవ ఏడు నిండకుండానే అతని చరిత్ర ముగిసిందని చాలామంది తలచినారు.

ఇక్కడ అధ్యాపకులు ఒక్కక్షణం ఆగి ఆలోచించవలసిన అంశం ఉన్నది. పిల్లవాడు తప్పుమాట వ్రాసినప్పుడు ఎర్రసిరాతో దిద్దడం వేరు, పుస్తకమే చించివేయడం వేరు. దిద్దిన పుస్తకంలో తరువాతి పుట మిగిలి ఉంటుంది. జే పార్క్ విషయంలో ఆ తరువాతి పుటను ఎవరూ ఇవ్వలేదు, తానే సంపాదించుకొన్నాడు. 2010 మార్చిలో, ఒక అమెరికా గాయకుని పాటను తన ఇంటిలో పాడి, ఆ చిత్రాన్ని యూట్యూబులో ఉంచినాడు. వేదిక లేదు, దీపాలు లేవు, వెనుక సంస్థ లేదు. అయినా కొద్దిదినాలలోనే లక్షలాది జనం దానిని చూచినారు. ఆ సంవత్సరమే మరొక సంస్థ ఆదరణతో సియోల్ తిరిగి వచ్చినాడు. విశేషమేమంటే, తిరిగి వచ్చినవాడు పోయినవాడు కాడు. 2011, 2012 సంవత్సరాలలో వెలువడిన అతని సంపుటాలలో రచనలోనూ, స్వరకల్పనలోనూ అతని చేయి బాగా కనబడుతుంది.

పాట వ్రాయడం వలన గాయకునికి ఒనగూడే లాభం ఏమిటి? కీర్తి అని చాలామంది అంటారు. కీర్తి కన్న గట్టి సంగతి మరొకటి ఉన్నది. పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. ఒకటి పదాలూ బాణీ కలసిన రచన. రెండవది ఆ రచనను పాడి ముద్రించిన ధ్వని. ముద్రించిన ధ్వని సాధారణంగా ఖర్చు పెట్టిన సంస్థకు చెందుతుంది. గాయకునికి అందులో ఒప్పందం ప్రకారం దక్కేది ఏదో దక్కుతుంది. రచన మాత్రం రచయితది. ఆ పాటను ఎవరు పాడినా, ఎక్కడ వినిపించినా, అతనికి రావలసిన భాగం వస్తూనే ఉంటుంది. కొరియా చట్టం 2013 నుండి ఈ హక్కును రచయిత మరణానంతరం 70 సంవత్సరాల దాకా కాపాడుతున్నది. యౌవనం పోతుంది, గొంతు మారుతుంది, నాట్యం చేసే కాళ్లు అలసిపోతాయి. వ్రాసిన పాట మాత్రం వ్రాసినవాని పేరునే ఉంటుంది.

ఈ హక్కు సంగతి తెలుగువారికి దూరపుది కాదు. భారతదేశంలో 2012 దాకా సినిమాపాటలు వ్రాసిన కవులు, బాణీలు కట్టిన సంగీత దర్శకులు తమ హక్కులన్నింటినీ నిర్మాతకు ఒక్క సంతకంతో ధారపోయడమే ఆచారం. ఆ సంవత్సరం కాపీరైటు చట్టానికి వచ్చిన సవరణ ఆ ఆచారానికి అడ్డుకట్ట వేసింది. సినిమాహాలులో చిత్ర ప్రదర్శన మినహా, పాట వేరుగా వినియోగమైన చోట్ల వచ్చే రాబడిలో కవికీ, స్వరకర్తకూ సమభాగం ఉండితీరాలని, ఆ హక్కును వారు కోరి వదులుకొన్నా చెల్లదని ఆ సవరణ చెప్పింది. "కోరి వదులుకొన్నా చెల్లదు" అన్న మాటను విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. బలవంతునితో బేరమాడే బలహీనుడు తరచు తన చేతులతోనే తన మెడకు తాడు వేసుకొంటాడన్న అనుభవం దాని వెనుక ఉన్నది.

తెలుగులో 'వాగ్గేయకారుడు' అనే గొప్పమాట ఒకటి ఉన్నది. వాక్కు తనదై, గేయం తనదై ఉన్నవాడు అని దాని భావం. అన్నమయ్యనూ, క్షేత్రయ్యనూ, త్యాగయ్యనూ ఆ మాటతో గౌరవిస్తారు. సియోల్ యువకుని వారి సరసన కూర్చోబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. పాడేవాడు తన మాటను తానే పలకడంలో ఒక నిండుతనం ఉన్నదని తెలుగుజాతి ఎన్నడో గుర్తించి దానికి ఒక పేరు పెట్టుకొన్నదని చెప్పడం మాత్రమే ఉద్దేశం.

కొరియాలోనూ ఆ గుర్తింపు పూర్వం లేకపోలేదు. విగ్రహబృందాల యుగానికి ముందే, 1992లో వచ్చిన సొ తైజీ తన పాటలు తానే కూర్చుకొన్నాడు. 1995లో అతని పాట ఒకదానిలోని మాటలకు పరిశీలక సంఘం అభ్యంతరం చెప్పినప్పుడు, మాటలు మార్చడం ఇష్టంలేక వాటిని పూర్తిగా తీసివేసి వట్టి వాద్యసంగీతంతో ఆ పాటను విడుదల చేసినాడు. దేశం ఆ మౌనాన్ని విన్నది. మరుసటి ఏడాది పాటలను ముందుగా పరిశీలించే పద్ధతి రద్దయింది. తన మాటకు యజమాని అయినవాడే దానిని తీసివేసి కూడా అర్థం చెప్పగలడు. పరుల మాటలు పాడేవానికి ఆ అవకాశం కూడా లేదు.

ఇక మూడవ మెట్టు సంస్థాస్థాపన. 2013లో జే పార్క్ ఏ.ఓ.ఎం.జి. అనే సొంత సంస్థను నెలకొల్పినాడు. గ్రే, లోకో వంటి యువ రచయిత గాయకులు అందులో చేరినారు. 2014లో సైమన్ డొమినిక్ అనే పేరుగల ర్యాప్ కళాకారుడు సహాధిపతిగా వచ్చినాడు. ఈ సంస్థలో చేరినవారు చాలావరకు తమ పాటలు తాము వ్రాసుకొనేవారే. 2017లో మరొక అడుగు వేసి, చిన్ననాటి సియాటిల్ మిత్రుడైన స్వరకర్త చా చా మలోన్‌తో కలసి హయ్యర్ మ్యూజిక్ అనే రెండవ సంస్థను స్థాపించినాడు. అదే సంవత్సరం కొరియా సంగీత పురస్కారాలలో అతనికి ఆ ఏటి సంగీతకారుడనే గౌరవం దక్కింది. ఎనిమిదేండ్ల క్రిందట దేశం వదలి పోవలసివచ్చిన వానికి ఆ దేశమే ఇచ్చిన గౌరవమది.

కథ ఇక్కడ ఆపితే చక్కని నీతికథ అవుతుంది. కష్టపడ్డాడు, నిలదొక్కుకొన్నాడు, యజమాని అయినాడు అని విద్యార్థులకు బోధించవచ్చును. కాని అసలు చిక్కు ఇక్కడనే మొదలవుతుంది. అతణ్ణి కట్టిపెట్టిన వ్యవస్థను నిర్మించినవారు ఎవరు? ఎస్.ఎం. స్థాపకుడు లీ సూ-మాన్ గాయకుడు. జె.వై.పి. స్థాపకుడు పార్క్ జిన్-యంగ్ గాయకుడూ, గీతరచయితా. మూడవ పెద్దసంస్థ వై.జి.ని 1996లో నెలకొల్పిన యాంగ్ హ్యున్-సుక్, సొ తైజీ బృందంలో నర్తించినవాడే. వీరెవరూ సంగీతం తెలియని షావుకార్లు కారు. కళాకారుడు యజమాని అయినంత మాత్రాన కళాకారులకు స్వేచ్ఛ వస్తుందన్న మాట నిజమైతే, కొరియాలో 1990ల నాటికే వచ్చి ఉండాలి. అత్తా ఒకప్పటి కోడలే అన్న సామెత తెలుగు ఇండ్లలో ఊరకే పుట్టలేదు.

స్వతంత్రమన్న మాటకు కూడా ఎన్నో హద్దులు ఉన్నాయి. ఏ.ఓ.ఎం.జి. స్థాపించిన మూడేండ్లకే, 2016లో, సీజే అనే మహాసంస్థతో భాగస్వామ్యం కుదుర్చుకొన్నది. బ్లాక్ బి అనే బృందానికి నాయకుడైన జికో చరిత్ర కూడా ఇట్టిదే. 2013లో ఆ బృందం తమ సంస్థ మీద దావా వేసి బయటపడింది. పాటలు వ్రాయడంలో పేరు గడించిన జికో 2019లో కే.ఓ.జెడ్. అనే సొంతసంస్థను ప్రజల ముందుకు తెచ్చినాడు. మరుసటి ఏడాది అతని పాట ఒకటి దేశమంతటా మారుమ్రోగింది. ఆ 2020వ సంవత్సరం నవంబరులోనే అతని సంస్థను, నేడు హైబ్ అని పిలువబడే మహాసంస్థ కొనివేసింది. కాంగ్ డేనియల్ అనే మరొక యువకుడు 2019లో స్థాపించిన సంస్థతో అతని అనుబంధం 2024లో తెగిపోయింది. చిన్నచెరువు నిండితే ఏటిలో కలుస్తుంది, నిండకపోతే ఎండుతుంది. సొంతబోర్డు తగిలించినంత మాత్రాన ఈ రెండు గతులూ తప్పవు.

అయితే ఇంతకూ సంస్థాస్థాపన వ్యర్థమేనా? అట్లా అనడం తొందరపాటు. పెట్టుబడి ఎవరిదన్న ప్రశ్న ఒకటి; లోపల మనుషులను ఎట్లా చూస్తున్నారన్న ప్రశ్న మరొకటి. రెండవదానికి సమాధానం యజమాని నడవడిలో ఉంటుంది. ఆ విషయంలో జే పార్క్ చరిత్రలో గమనించదగిన ఘట్టం 2021 డిసెంబరు 31వ తేదీన జరిగింది. ఆనాడు అతడు తాను స్థాపించిన రెండు సంస్థల అధిపత్యాన్నీ వదలుకొన్నాడు. ఆ సంస్థలు మూతపడలేదు. అతడు లేకుండానే నడిచినాయి. పెంచినవాడు చేయి వదలినా నడవగలిగితేనే పిల్లవానికి నడక వచ్చినట్లు. స్థాపకుడు మంచి గురువో కాదో తెలుసుకోవడానికి ఇది ఒక గీటురాయి.

2022లో అతడు మోర్ విజన్ అనే మూడవ సంస్థను ఆరంభించినాడు. ఆ సంస్థ పక్షాన వచ్చిన తొలిపాట పేరు 'గానదారా'. కొరియా అక్షరమాలను పిల్లలు వల్లెవేసే వరుస అది. తెలుగువారి 'ఓనమాలు' వంటిది. ఆ భాష సరిగా రాకుండా ఆ దేశానికి వచ్చి, తన మాటల వలననే చిక్కులపాలయిన మనిషి, పదిహేడేండ్ల తరువాత ఆ భాష అక్షరమాలనే పాటకు పేరుగా పెట్టుకొన్నాడు. ఇందులో అతని ఉద్దేశం ఏదైనా కావచ్చును. పాఠశాలలో పనిచేసేవారికి మాత్రం ఈ విషయం సంతోషం కలిగించక మానదు.

కాని ఆ సంతోషం వెనుకనే పరీక్ష పొంచి ఉన్నది. ఇంతవరకు అతని సంస్థలలో చేరినవారు చాలావరకు పాట చేతబట్టుకొని వచ్చిన పెద్దవారు. కొత్తసంస్థలో అతడు విగ్రహబృందాన్ని తయారుచేయడానికే పూనుకొని, లేతవయస్సు అభ్యాసకులకోసం పరీక్షలు ప్రకటించినాడు. అంటే 2005లో తాను నిలబడిన చోట ఇప్పుడు పరుల పిల్లలను నిలబెడుతున్నాడు; 2005లో పార్క్ జిన్-యంగ్ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు తాను కూర్చున్నాడు. ఒక మనిషి జీవితంలో ఇంతకన్న కఠినమైన ప్రశ్నపత్రం ఉండదు. ఎందుకంటే జవాబులన్నీ అతనికి ముందే తెలుసు.

ఆ ప్రశ్నపత్రంలో మూడు ప్రశ్నలు ఉంటాయి. అభ్యాసకుని చేత పాట వ్రాయిస్తున్నావా, లేక వ్రాసిన పాటను అప్పచెప్పిస్తున్నావా? రాబడి లెక్క అతనికి అర్థమయ్యే భాషలో చూపుతున్నావా, లేక సంతకం పెట్టవలసిన చోటు మాత్రమే చూపుతున్నావా? అతడు పద్దెనిమిదేండ్ల ప్రాయంలో ఒక తెలివిమాలిన మాట అంటే, అతనికి అండగా నిలుస్తావా, లేక చేతులు కడుగుకొంటావా? ఈ మూడింటికీ జే పార్క్ చెప్పే సమాధానాలే అతని నిజమైన రచనలు. ముందు వ్రాసినవన్నీ వాటికి పీఠికలు. సంస్థ ఎంత లాభం గడించినదన్న లెక్క ఈ పరీక్షలో మార్కులకు రాదు.

ఈ చరిత్ర పరాయిదేశపు యువగాయకునిది. వినోద ప్రపంచానికి సంబంధించినది. అధ్యాపకులకు దీనితో పని ఏమిటని కొందరు అడుగవచ్చును. తెలుగునాట ఎందరో విద్యార్థులు నేడు ఆ కొరియా పాటలను వింటున్నారు, ఆ నాట్యాన్ని అనుకరిస్తున్నారు. దానిని వెర్రి అని కసరి ఊరుకోవడం తేలిక. "ఈ పాట ఎవరు వ్రాసినారో తెలుసునా? అతనికి దక్కిందేమిటో తెలుసునా?" అని అడగడం అంతకన్న ఉపయోగకరం. ఆ ప్రశ్నతో వినోదం పాఠమవుతుంది. పాటను ఇష్టపడే పిల్లవాడు ఆ పాట వెనుక ఉన్న శ్రమనూ, ఒప్పందాన్నీ, న్యాయాన్నీ గురించి ఆలోచించడం నేర్చుకొంటాడు.

అంతకుమించిన సంగతి మరొకటి. వ్యాసరచన గంటలో గైడు పుస్తకంలోని వ్యాసాన్ని చిలుకపలుకులుగా అప్పచెప్పిన విద్యార్థికి నూటికి తొంభై, తడబడుతూ తన సొంత వాక్యం వ్రాసినవానికి నలభై ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉన్నది. సియోల్ శిక్షణశాలను విమర్శించే ముందు ఈ తొంభైకీ ఆ నలభైకీ నడుమ ఉన్న దూరాన్ని కొలుచుకోవాలి. కంఠస్థం చేయించడం తప్పు కాదు. పద్యం నోటికి రానివానికి భాష పట్టుబడదు. కాని కంఠస్థం వాకిలి మాత్రమే, ఇల్లు వేరు. వాకిటిలోనే పదేండ్లు నిలబెట్టి, ఇంటిలోకి పోనీయకుండా పట్టా చేతికిచ్చి పంపితే, ఆ విద్యార్థి జీవితాంతం పరుల వాక్యాలే పలుకుతాడు.

జే పార్క్ అందుకొన్న మూడు మెట్లలో మధ్యమెట్టే అన్నింటికన్న గట్టిది. రంగం ఎక్కించేది ఇతరులు; సంస్థ నిలబడేది పెట్టుబడితో, అదృష్టంతో. తన మాటను తాను వ్రాసుకోవడానికి మాత్రం కాగితం, కలం, కొంత ధైర్యం ఉంటే చాలు. ఆ ధైర్యాన్ని పిల్లవానిలో కలిగించేవాడు గురువు. దానిని తనవద్దకు వచ్చినవారిలోనూ కలిగించేవాడు యజమాని అనే పేరుకు తగినవాడు. గాయకుడు గీతకర్త కావడం అతని విజయం. అతని శిష్యుడు కూడా గీతకర్త అయిననాడే ఆ విజయం లోకానికి చెందుతుంది.